చిన్నబిడ్డకు చేతిపని, పెద్దబిడ్డకు చదువు

పాఠ్యభాగము: మార్కు 10:13–16
చదువుకొనవలసిన ఇతర వచనములు: ద్వితీయోపదేశకాండము 6:6–7, మత్తయి 11:16–17, లూకా 15:8–10



ఈ నెల పాఠము ఇంటి లోపలి సంగతి. ప్రతి సాయంకాలము దీపము వెలిగించినది మొదలు మన తల్లులు ఎదుర్కొనుచున్న సంగతి. పెద్దపిల్లలను చాపమీద కూర్చుండబెట్టి చదివింపవలెను. సరిగా ఆ వేళకే మూడేండ్ల బిడ్డ వచ్చి పలక లాగును, బలపము నోట పెట్టుకొనును, తెరచిన పుస్తకముమీద కూర్చుండును. అప్పుడేమి చేయవలెను? చిన్నవానిని ఎత్తుకొనుటకు పెద్దబిడ్డ చదువు మానవలెనా? లేక చదువు సాగుటకు చిన్నవానిని బయటికి తరుమవలెనా? ఈ రెండును నేను చేసి చూచినవాడనే. రెండును తప్పని ఎట్లు నేర్చుకొంటినో మొదట చెప్పుదును.

1. మా యింట జరిగినది

2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా వ్యాధి నిమిత్తము దేశమంతట బడులు మూయబడెను. నెలల తరబడి అవి తెరువబడలేదు. దూరదర్శన్‌లో పాఠములు వచ్చుచుండెను గాని, చూచినంత మాత్రమున లెక్కలు రావు గదా. గనుక అనేక గృహములలో తల్లిదండ్రులే ఉపాధ్యాయులైరి. మా యింటను ఆలాగే జరిగెను. అప్పటికి మా కుమార్తె అయిదవ తరగతి, రెండవవాడు మూడవ తరగతి, కడపటివాడు మూడేండ్లవాడు. నేను వసారాలో చాప పరచి, ఉదయమున రెండు గంటలసేపు పెద్దవారిద్దరికి చదువు చెప్ప పూనుకొంటిని.

మొదటి వారములోనే చిన్నవాడు అక్క లెక్కల పుస్తకముమీద బొగ్గుతో గీతలు గీసెను. నేను కోపపడి, "అమ్మాయీ, వీణ్ణి ఎత్తుకొని అవతలికి తీసుకుపో" అంటిని. ఆమె మారు మాటాడక పుస్తకము మూసి, తమ్ముని చంకనెత్తుకొని పోయెను. మరునాడును అంతే, ఆ మరునాడును అంతే. నేను ఇద్దరికి చదువు చెప్పుచున్నానని అనుకొనుచుంటిని. నిజమునకు చదువు దొరికినది కొడుకునకు; కూతురికి దొరికినది తమ్ముని మోత. అది నా కంటికి కనబడలేదు.

ఒక దినమున ఆమె భాగహారము సగములో ఉండగా వాడు మరల వచ్చెను. ఈసారి నేనే వాని రెక్క పట్టుకొని దొడ్డిలో విడిచి తలుపు గడియ వేసితిని. వాడు కొంతసేపు ఏడ్చి, తరువాత ఊరకుండెను. ఇల్లు నిమ్మళించెనని నేను సంతోషించితిని. ఇంతలో పొరుగింటి అవ్వ కేక వినబడెను. పరుగెత్తి చూడగా, ఆమె మావాని మొలత్రాడు పట్టుకొని నిలిచియుండెను. వాడు పొరుగువారి కుడితితొట్టిలో తేలుచున్న ఆకును అందుకొనుటకు నడుము వరకు లోపలికి వంగియుండెను.

అవ్వ నాతో ఇట్లనెను: "అయ్యగారూ, ఏడుపు వినబడే బిడ్డకు భయం లేదు. చప్పుడు ఆగిపోయిన బిడ్డనే చూసుకోవాలి." మరికొంతసేపటికి, "మీ అమ్మాయిని రోజూ చంకలో పిల్లాడితో చూస్తూనే ఉన్నాను. నేనూ అంతేనయ్యా. మా తమ్ముడు నా చంకెక్కాడు, నా పలక అటకెక్కింది. గుళ్ళో మీరు పాట నంబరు చెబితే, పుస్తకం తెరిచి పట్టుకుంటాను గానీ ఏ పేజీయో నాకేం తెలుసు?" అనెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక బిడ్డ ప్రాణమును, ఒక బిడ్డ చదువును నా చేతులారా పోగొట్టుకొనువాడనై యుంటిని.

2. శిష్యులు చేసిన పొరపాటు

మార్కు సువార్త పదియవ అధ్యాయమును వరుసగా చదువుడి. ఆరంభమున ప్రభువు జనసమూహములకు బోధించుచున్నాడు. పరిసయ్యులు వచ్చి వివాహమును గూర్చిన కఠినమైన ప్రశ్న వేసిరి. తరువాత ధనవంతుడు నిత్యజీవమును గూర్చి అడుగ వచ్చెను. ఈ రెండు గొప్ప పాఠముల నడుమనే చిన్నబిడ్డలు వచ్చిరి. శిష్యులు దుష్టులు కారు. గొప్ప పాఠము చెడిపోవుచున్నదని తలంచి వారిని ఆటంకపరచిరి. వసారాలో నేను తలంచినదియు అదే. అయితే ప్రభువు శిష్యులమీదనే కోపపడెను. బిడ్డలను చేరదీసి, ఎత్తి కౌగిలించుకొని, వారిమీద చేతులుంచి ఆశీర్వదించెను. తరువాత ధనవంతునితో ఆయన మాటాడిన పాఠము చెడిపోలేదు. బిడ్డలకు ఇచ్చిన ఆ కొద్ది సమయము పాఠమునకు నష్టము కాలేదు.

ఇంకొక సంగతి. సంతవీధులలో పిల్లలు పిల్లనగ్రోవి ఊది పెండ్లి ఆట, ప్రలాపించి చావు ఆట ఆడుట ప్రభువు గమనించి, దానిని తన బోధలో ఉపమానముగా చెప్పెను. పిల్లల ఆటను అంత శ్రద్ధగా చూచినవాడు దానిని వ్యర్థమని తలంచలేదు. పెద్దలు చేయుదానిని చిన్నవాడు తన చేతులతో చేసి చూచుటయే ఆట. అదియే వాని చదువు.

3. మనకు ముందున్నవారు నేర్చుకొన్నది

ఇంగ్లాండు దేశములో ఎప్‌వర్త్ అను ఊరిలో సుసన్నా వెస్లీ అను గురువుగారి భార్య యుండెను. జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీ గార్ల తల్లి ఈమెయే. పందొమ్మిదిమంది పిల్లలు పుట్టగా పదిమంది మాత్రమే పెరిగి పెద్దవారైరి. ఆమె ఇంటిలోనే దినమునకు ఆరు గంటలు చదువు చెప్పెను. తన పద్ధతిని 1732లో కుమారుడైన జాన్‌కు ఉత్తరముగా వ్రాసెను. అందులోని క్రమశిక్షణ నేటివారికి కఠినముగా తోచును గాని, రెండు సంగతులు మనకు మేలు. సాధారణముగా అయిదేండ్లు నిండనిదే ఆమె అక్షరములు మొదలుపెట్టలేదు, చిన్నవానిని తొందరపెట్టలేదు. మరియు సాయంకాలము అయిదు గంటలకు, పెద్దబిడ్డ మాటలు వచ్చిన కడసారి బిడ్డను, రెండవ బిడ్డ ఆపై బిడ్డను ఈ వరుసగా తీసుకొని కీర్తనయు, క్రొత్త నిబంధనలో ఒక అధ్యాయమును చదివి వినిపించుచుండిరి. పెద్దవారు చిన్నవారిని చూచుటకు నియమితమైన గడియ ఉండెను. అది చదువు గంటలను మ్రింగివేయలేదు.

జర్మనీ దేశస్థుడైన ఫ్రోబెల్ 1782లో ఒక పాస్టరుగారి ఇంట పుట్టెను. ఏడాది నిండకమునుపే తల్లి చనిపోయెను. తండ్రి సంఘపు పనులలో మునిగి కుమారుని అంతగా పట్టించుకొనలేదు. పాస్టర్లమైన మేము ఈ మాట దగ్గర కొంచెము ఆగవలెను. ఆ కుమారుడు పెరిగి 1837లో చిన్నపిల్లలకు ఆటల ద్వారా నేర్పు సంస్థను ఆరంభించి, 1840లో దానికి "పిల్లల తోట" అను అర్థమిచ్చు కిండర్‌గార్టెన్ అను పేరు పెట్టెను. అతడు చిన్నబిడ్డల చేతికిచ్చిన మొదటి ఆటవస్తువు రంగురంగుల ఉన్నిదారముతో చేసిన ఆరు మెత్తని బంతులు. వాటిని మన ఇండ్లలో చింకిగుడ్డలతోనే చేయవచ్చును.

మరియా మాంటిస్సోరి అను వైద్యురాలు 1907లో రోము నగరమున పేదవారి పేటలో చిన్నపిల్లల గృహము తెరచెను. ఒక దినమున మూడేండ్ల పాప కొయ్యదిమ్మెలను వాటి వాటి గుంటలలో పెట్టుచు తీయుచు నలువది మార్లకు పైగా అదే పని చేయుట ఆమె లెక్కించెను. చుట్టు ఉన్న పిల్లలు పాడినను ఆ పాప తల ఎత్తలేదు. ఈమె 1939లో మద్రాసునకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకును తన పద్ధతి నేర్పెను. చిన్నబిడ్డకు నిలకడ లేదని మనమందుము. తగిన పని చేతికిచ్చితిమా అని మొదట అడుగుకొనవలెను.

4. పాఠమునకు ముందు చేయవలసినది

మా యింట మార్పు తెచ్చిన మొదటి సంగతి ఇది: చదువు మొదలుపెట్టకమునుపు చిన్నవానికి పది నిమిషములు పూర్తిగా ఇయ్యవలెను. వానికి నీరు త్రాగించి, ఒడిలో కూర్చుండబెట్టుకొని, ఒక చిన్న కథయో పాటయో చెప్పవలెను. ఆకలిగొన్న బిడ్డ అన్నము కొరకు ఏడ్చునట్లు, తల్లిదండ్రుల చూపు కొరకును బిడ్డ ఏడ్చును. ముందుగా ఇచ్చితిమా, వాడు లాగుకొనవలసిన పని యుండదు.

రెండవది, వానికిని అదే చాపమీద చోటు ఇయ్యవలెను. దొడ్డిలో కాదు, గది బయట కాదు. అక్క ప్రక్కన, నా కంటి ఎదుట.

మూడవది, చదువు వేళకు మాత్రమే తీయబడు ఒక బుట్ట యుంచవలెను. మిగిలిన వేళ అది అటకమీద ఉండవలెను. నిత్యము చేతిలోనున్న వస్తువునకు విలువ యుండదు. బుట్టలోని వన్నియు ఒక్కసారి ఇయ్యక, ఒకదాని తరువాత ఒకటి ఇయ్యుడి. ఒక పని పది పదునైదు నిమిషములు సాగినను చాలును. ఆ వేళలోనే పెద్దబిడ్డకు కష్టమైన లెక్కను చెప్పి, మీ సహాయము అక్కరలేని చదువును, వ్రాతపనిని తరువాత పెట్టుకొనుడి.

5. బుట్టలో ఉంచదగినవి

వీటిలో దేనికిని డబ్బు పెట్టనక్కరలేదు.

గుడ్డబంతులు. పాత చీరల పీలికలను గట్టిగా చుట్టి పైన కుట్టవలెను. వేరు వేరు రంగులవి ఆరు చేసిన యెడల, రంగులు ఏరవచ్చును, గంపలోనికి విసరవచ్చును, దొర్లించి పట్టుకొనవచ్చును.

నీళ్ల వ్రాత. వేపపుల్ల కొనను నమిలి కుంచెవలె చేసి, కొబ్బరిచిప్పలో కొంచెము నీరు పోసి ఇయ్యుడి. నాపరాతిమీదనో గచ్చుమీదనో బిడ్డ గీయును. ఎండ తగిలి అది ఆరిపోవును. మరల గీయును. మా చిన్నవాడు అన్నిటికంటె దీనినే ప్రేమించెను. ఇకమీదట వాడు అక్క పుస్తకము ముట్టలేదు.

ఇసుక పళ్లెము. పళ్లెములో జల్లించిన ఇసుక పలుచగా పరచి వ్రేలితో దిద్దింపవలెను. ఇది మన పూర్వపు వీధిబడుల పద్ధతియే. 1789లో మద్రాసు అనాథబాలుర ఆశ్రమమున పని ఆరంభించిన ఆండ్రూ బెల్ అను పాదిరిగారు ఇచ్చటి పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, తమ బడిలో ప్రవేశపెట్టి, దానిని గూర్చి 1797లో ఇంగ్లాండులో పుస్తకము ప్రచురించిరి. మన యింటి ఇసుకను చిన్నచూపు చూడకూడదు.

బంకమట్టి. చెరువుమట్టిలోని రాళ్లు ఏరివేసి, రాత్రి నానబెట్టి, ఉదయము పిసికి తడిగుడ్డలో చుట్టి ఉంచుడి. ఎద్దులు, పొయ్యి, ప్రమిద, నోవహు ఓడలోని జంతువులు చేయవచ్చును. ఐదు రొట్టెలు, రెండు చేపలు చేయించి లెక్కపెట్టించిన యెడల అది కథయు అగును, లెక్కయు అగును.

పెద్ద వస్తువుల లెక్క. కడిగి ఎండబెట్టిన మామిడి టెంకలు, గింజలు ఒలిచిన మొక్కజొన్న కండెలు, కొబ్బరిచిప్పలు కలిపిపోసి, దేనికది ఏర్పరచుమని చెప్పుడి. పది టెంకలలో ఒకటి దాచి వెదకించుడి. నాణెము పోగొట్టుకొని ఇల్లు ఊడ్చిన స్త్రీ కథను అప్పుడు చెప్పిన యెడల బిడ్డ మరువడు.

తడిమి చెప్పు సంచి. గుడ్డసంచిలో చెంచా, దువ్వెన, టెంక, గుడ్డబంతి వేసి, చూడకుండ చేయిపెట్టి పేరు చెప్పుమనుడి.

గాజుల స్తంభము. మట్టిముద్దలో మొద్దుకొన గల పొట్టి పుల్ల నిలిపి, పాత ప్లాస్టిక్ గాజులను ఒక్కొక్కటిగా దిగవేయించుడి. గాజువి, పగిలినవి ఇయ్యకూడదు.

తాటికాయల బండి. ముంజెలు తిన్న కాయలు రెండింటికి పుల్ల గ్రుచ్చి, పంగలకర్రతో త్రోయు బండి మీకందరికి తెలిసినదే. దీనిని అన్న చేసి ఇయ్యవలెను; చదువు ముగిసిన తరువాత ఇది బహుమానము.

నిజమైన పని. ఇది అన్నిటికంటె గొప్పది. చిక్కుడుకాయలు త్రుంచుట, తువ్వాళ్లు మడుచుట, చెప్పులు జతపరచుట, ఎండబోసిన ఒడ్లమీదికి వచ్చు కోళ్లను తోలుట. చక్కగా చేయలేదని వాని ఎదుట మరల చేయకుడి. తన పని ఇంటికి పనికివచ్చినదని తెలిసినప్పుడు వాని ముఖము చూడుడి.

6. జాగ్రత్తలు

నోట పెట్టుకొనుట చిన్నబిడ్డ స్వభావము. చింతపిక్కలు, శనగలు, వేరుశనగ గింజలు, గుండీలు, పూసలు మూడేండ్లలోపు బిడ్డకు ఇయ్యకూడదు. గొంతులోనో ముక్కులోనో ఇరుకుకొనును. ఆపై వయస్సువారికైనను పెద్దవారు ప్రక్కనుండవలెను. బిడ్డ పిడికిలికంటె పెద్దవైన వస్తువులే మంచివి.

గురివింద గింజలు అందముగా నుండును గాని నమిలిన యెడల ప్రాణాపాయము. ఆముదపు గింజలు, ఉమ్మెత్తకాయలు, గన్నేరు ఆకులు, పూలు, కాయలు కూడ విషమే. బిడ్డ వీటిని తిన్నట్టు అనుమానము కలిగిన యెడల నాటువైద్యమునకై ఆలస్యము చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

నీటి ఆట ముగిసిన వెంటనే పాత్ర బోర్లించుడి. చిన్నబిడ్డ మునుగుటకు బావి అక్కరలేదు, బకెట్టు చాలును. ప్లాస్టిక్ సంచులు, పొడవైన త్రాళ్లు బుట్టలో నుంచకూడదు.

ఇక సెల్‌ఫోను సంగతి. బిడ్డను ఊరకుంచుటకు అది సులభమైన మార్గము. నేనును ఇచ్చితిని. అయితే అది తీసుకొనునప్పుడు కలిగిన ఏడ్పు, ఇయ్యకముందున్న ఏడ్పుకంటె పెద్దదాయెను. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినదేమనగా, రెండేండ్లు నిండని బిడ్డకు తెర చూపుట తగదు. రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమునకు గంటకు మించకూడదు, తగ్గినకొలది మేలు. తెర బిడ్డ కన్నులను నిలుపును గాని చేతులకు పని ఇయ్యదు.

7. మోత ఎవరిది?

తల్లులారా, తండ్రులారా, ఈ మాట విశేషముగా వినుడి. మన ఇండ్లలో చిన్నబిడ్డ ఏడ్చినప్పుడు ఎవరిని పిలుచుచున్నాము? ఎక్కువగా పెద్ద ఆడపిల్లనే. పరీక్ష దగ్గరపడినను ఆమెనే. ఆరు మొదలు పదునాలుగేండ్ల బిడ్డలందరికి చదువు హక్కు అని 2009 నాటి చట్టము చెప్పుచున్నది. బడిలో పేరు వ్రాయించి, ఇంట పుస్తకము మూయించిన యెడల ఆ హక్కును మనమే తీసివేసినవారమగుదుము. వాక్యమును పిల్లలకు నేర్పుమని మోషే ద్వారా ఇయ్యబడిన ఆజ్ఞ ఇంట కూర్చుండునప్పుడును, త్రోవను నడుచునప్పుడును వర్తించును. అది కుమారులకు మాత్రమే కాదు.

గనుక మా యింట ఈ నియమము ఏర్పరచుకొంటిమి. చదువు గంటలో చిన్నవానిని చూచు బాధ్యత పెద్దవారిది, అనగా నాది లేక నా భార్యది. చదువు ముగిసిన తరువాత అక్క ఒక దినము, అన్న ఒక దినము వానితో ఆడవలెను. అన్నకు ఇది మొదట నచ్చలేదు. కాని తాటికాయల బండి చేసిన దినమునుండి తమ్ముడు వాని వెంటనే తిరుగసాగెను.

మంచి దినములు మాత్రమే గడిచెనని చెప్పజాలను. మట్టి గోడకంటిన దినములు, నేను మరల కేకలు వేసిన దినములు కలవు. అయినను ఆ వేసవి ముగియకముందే అమ్మాయి భాగహారము పూర్తిగా నేర్చుకొనెను.

పొరుగింటి అవ్వ ఉదయమున మా వసారాకు వచ్చి చిన్నవాని ప్రక్కన కూర్చుండుట అలవాటు చేసికొనెను. ఒక దినము వాని ఇసుక పళ్లెములో తానును వ్రేలు పెట్టి గీసెను. మా అమ్మాయి చూచి ఆమె వ్రేలు పట్టుకొని దిద్దించెను. మొదట అంకెలు నేర్పెను. గుడి మరల తెరచిన తరువాత ఒక ఆదివారము నేను పాట నంబరు చెప్పగా, అవ్వ పుస్తకము త్రిప్పి, పేజీ వెదకి, తలెత్తి నావైపు చూచెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మార్కు 10లో శిష్యులు బిడ్డలను ఎందుకు ఆటంకపరచిరి? మన ఇంట అట్టి కారణము చెప్పి బిడ్డను తరిమిన సందర్భము కలదా?
2. మన ఇంట చిన్నబిడ్డ మోత ఎవరిమీద పడుచున్నది? దాని వలన ఎవరి చదువు వెనుకపడుచున్నది?
3. మన దొడ్డిలో, ఇంటిలో బిడ్డకు అపాయకరమైనవి ఏవి? ఈ వారములోనే ఏమి సరిచేయగలము?

ఈ నెల చేయవలసినది: ప్రతి కుటుంబము ఒక బుట్ట సిద్ధపరచి, కనీసము మూడు వస్తువులను ఇంటిలోనే చేసి అందులో నుంచవలెను. స్త్రీల కూటమి వారు గుడ్డబంతులు కుట్టి, బిడ్డలున్న ఇండ్లకు పంచిన యెడల మేలు.

ప్రార్థన: ప్రభువా, చిన్నవారిని ఎత్తుకొన్న నీ చేతులవంటి చేతులు మాకు దయచేయుము. మా ఇంట ఏ బిడ్డయు తరుమబడకుండను, ఏ బిడ్డ పుస్తకమును మూయబడకుండను మమ్మును మెలకువగా నుంచుము. ఆమేన్.